మిసెస్ బెథ్యూన్ అడిగిన వాటా

కిందటి విద్యా సంవత్సరం మా విభాగంలో ఎం.ఏ. విద్యార్థులకు ఒక సెమినార్ పెట్టాను. అణగారిన వర్గాల విద్య కోసం పనిచేసిన ఒకరి జీవితాన్ని తీసుకుని ఒక్కొక్కరూ పావుగంట మాట్లాడాలి. నలుగురు సావిత్రిబాయి ఫూలేను ఎంచుకున్నారు. ఒకరు భాగ్యరెడ్డివర్మను ఎంచుకున్నారు. చివరి బెంచీలో కూర్చునే ఒక కుర్రాడు మాత్రం అమెరికా నల్లజాతి విద్యావేత్త మేరీ మెక్‌లౌడ్ బెథ్యూన్ గురించి రాసుకొచ్చాడు. చేతిలో ఒకటిన్నర డాలరుతో, ఐదుగురు ఆడపిల్లలతో బడి పెట్టి, చిలగడదుంపల తీపి వంటకాలు అమ్మి దాన్ని కళాశాలగా పెంచిన మహిళ అని చక్కగా చెప్పాడు. సంకల్పం ఉన్నవారికి ప్రభుత్వ సాయం అక్కరలేదని ఆమె నిరూపించిందని ముగించాడు. తరగతి చప్పట్లు కొట్టింది.

ఆ కుర్రాడి డిగ్రీ సర్టిఫికెట్లు అప్పటికింకా అతను చదివిన ప్రైవేటు కళాశాల బీరువాలోనే ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ప్రభుత్వం నుంచి రాలేదు కనుక ఆ మొత్తం తనే కట్టి కాగితాలు తీసుకుపొమ్మన్నారు. తండ్రి ఇటుక బట్టీలో కూలీ. అండర్‌టేకింగ్ రాసిచ్చి మా దగ్గర చేరాడు. అటువంటి పిల్లవాడి నోట ఆ ముగింపు వినడం నాకు కష్టమనిపించింది. తప్పు అతనిది కాదు. బెథ్యూన్ జీవితాన్ని లోకం అంతవరకే చెబుతుంది. ఒకటిన్నర డాలరు దగ్గర మొదలుపెట్టి, దాతల విగ్రహాల దగ్గర ఆపేస్తుంది. ఆమె తన జీవితంలోని రెండో సగాన్ని సరిగ్గా దానికి వ్యతిరేకమైన మాటను నిరూపించడానికి వెచ్చించారు. ఆ సగం కోసమే ఈ వ్యాసం.

ఆమె 1875 జూలై 10న దక్షిణ కరోలినా రాష్ట్రంలోని మేయెస్‌విల్ దగ్గర పుట్టారు. పదిహేడుమంది సంతానంలో పదిహేనో బిడ్డ. తల్లిదండ్రులు సామ్యూల్, ప్యాట్సీ బానిసలుగా పుట్టినవారు. అన్నలు, అక్కలు కొందరు కూడా బానిసలుగానే పుట్టారు. అంతర్యుద్ధం ముగిసి చట్టం విముక్తి ఇచ్చిన తర్వాత ఆ కుటుంబం కొద్దిపాటి భూమి సంపాదించి పత్తి పండించింది. ఆమె పుట్టడానికి రెండేళ్ల ముందే, 1873లో, జోతిరావు ఫూలే పుణేలో గులాంగిరి ప్రచురించి, బానిసత్వ నిర్మూలనకు పోరాడిన అమెరికా ప్రజలకు దాన్ని అంకితమిచ్చారు. అక్కడ విముక్తి పూర్తయిందని ఇక్కడివారు ఆశపడుతున్న ఆ రోజుల్లోనే, అక్కడ దాన్ని వెనక్కి లాగే పని కూడా మొదలైంది.

చిన్నతనంలో తల్లి వెంట ఒక తెల్లవారి ఇంటికి వెళ్లినప్పుడు జరిగిన సంఘటనను ఆమె పెద్దయ్యాక పదేపదే తలచుకునేవారు. అక్కడున్న పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంటే, నీకు చదవడం రాదు, కింద పెట్టేయమని ఆ ఇంటి పిల్ల అన్నదట. తెల్లవారికీ తమకూ ఉన్న తేడా ఈ చదవడంలోనే ఉన్నదేమోనని ఆ పసి మనసుకు తోచింది. మన పల్లెల్లో బడి గడప బయట కూర్చుని అక్షరాలు విన్న తరానికి ఈ కథ కొత్తదేమీ కాదు.

ప్రెస్బిటేరియన్ మిషన్ ఆ ఊళ్లో నల్లపిల్లలకు బడి తెరిచినప్పుడు ఆ కుటుంబం నుంచి బడికి వెళ్లింది ఆమె ఒక్కతే. రోజూ మైళ్ల దూరం నడక. సాయంత్రం ఇంటికొచ్చి తను నేర్చుకున్నది ఇంటివాళ్లకు నేర్పేది. టీచరు ఎమ్మా జేన్ విల్సన్ నల్లజాతి మహిళ. ఆమె సిఫారసుతో ఒక ఉపకారవేతనం దొరికింది. దూరాన కొలరాడోలో ఉన్న మేరీ క్రిస్మన్ అనే క్వేకర్ మహిళ, దుస్తులు కుట్టి సంపాదించిన సొమ్ములోంచి ఒక నల్లపిల్ల చదువుకు డబ్బు పంపింది. ఆ డబ్బుతో ఉత్తర కరోలినాలోని స్కోషియా సెమినరీలో 1894 దాకా చదివి, తర్వాత షికాగోలోని మూడీ బైబిల్ సంస్థలో చేరారు. ఆఫ్రికాకు మిషనరీగా వెళ్లాలన్నది ఆశయం. నల్లవారికి ఆఫ్రికాలో మిషనరీ ఉద్యోగాలు లేవని చర్చి బోర్డు తిరస్కరించింది. ఆ తిరస్కారం ఆమెను ఎంతో బాధించిందని జీవితచరిత్రకారులు రాస్తారు. నాకైతే ఆ బోర్డు చేసిన ఒకే ఒక మంచిపని అదేననిపిస్తుంది.

జార్జియాలోని ఆగస్టాలో లూసీ క్రాఫ్ట్ లేనీ నడిపే హేన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో కొంతకాలం పనిచేశారు. లేనీ కూడా నల్లజాతి మహిళే, బానిసత్వ కాలంలో పుట్టినవారే. ఒక నల్ల స్త్రీ పెద్ద విద్యాసంస్థకు అధిపతిగా ఉండటం, మగవారి అనుమతి లేకుండా నిర్ణయాలు తీసుకోవడం బెథ్యూన్ అక్కడ చూశారు. గురువు అనదగిన మనిషి ఆమెకు లేనీయే. 1898లో ఆల్బర్టస్ బెథ్యూన్‌తో వివాహం, మరుసటి ఏడాది కొడుకు. ఆ దాంపత్యం నిలవలేదు. 1907లో భర్త విడిచి వెళ్లిపోయాడు. అప్పటికి ఆమె బడి పెట్టి మూడేళ్లయింది.

ఫ్లోరిడా తూర్పు తీరం వెంట రైలుమార్గం వేస్తున్న రోజులవి. ఆ పనికి వచ్చిన నల్ల కూలీల పిల్లలకు బడి లేదు. 1904 అక్టోబరు 3న డేటోనాలో ఒక అద్దె ఇంట్లో ఐదుగురు ఆడపిల్లలతో, తన కొడుకుతో ఆమె బడి తెరిచారు. పారేసిన పెట్టెలే బల్లలు. కాల్చిన పుల్లలే పెన్సిళ్లు. ఎల్డర్‌బెర్రీ కాయల రసమే సిరా. ఊరి చెత్త వేసే నేలను వాయిదాల మీద కొని, దాని మీద భవనం కట్టి దానికి విశ్వాసం అనే అర్థమొచ్చే పేరు పెట్టారు. ఇంతవరకు మా విద్యార్థి చెప్పినదంతా నిజమే.

ఆ డేటోనా శీతాకాలంలో ఉత్తరాది ధనికులు వచ్చి విడిది చేసే పట్టణం. వారి ఇళ్లకు, హోటళ్లకు వెళ్లి ఆమె చందాలు అడిగారు. ఈనాడు మన ఇళ్లలో బట్టల సబ్బుపొడి అమ్ముతున్న ప్రాక్టర్ అండ్ గాంబుల్ కుటుంబపు జేమ్స్ గాంబుల్ ఆ బడి ధర్మకర్తల మండలిలో చేరాడు. ఆ దాతలకు నచ్చేట్టుగా బడి పేరులో పారిశ్రామిక శిక్షణ అన్న మాట ఉండేది. కుట్టుపని, వంట, ఇంటి నిర్వహణ నేర్పేవారు. నల్లవారికి చేతిపని చాలు, ఉన్నత విద్య ఎందుకు అన్న వాదం బలంగా ఉన్న కాలమది. బుకర్ వాషింగ్టన్‌కు, డుబోయిస్‌కు మధ్య జరిగిన ప్రసిద్ధ వివాదం దీని చుట్టూనే తిరిగింది. బెథ్యూన్ ఆ వివాదంలో ఏ పక్షమని అడిగితే సూటిగా జవాబు చెప్పడం కష్టం. దాతలు వచ్చిన రోజు పిల్లలు కుట్టిన బట్టలు, వండిన వంటలు చూపించేవారు. వారు వెళ్లిపోయాక హైస్కూలు తరగతులు పెంచారు, ఉపాధ్యాయ శిక్షణ తెచ్చారు, నర్సుల శిక్షణ తెచ్చారు. దీన్ని లౌక్యం అనేవారున్నారు, లొంగుబాటు అనేవారూ ఉన్నారు. నేను చదివినంతలో ఆమెలో రెండూ కొంత కొంత ఉన్నాయి. అడిగి తెచ్చుకున్న డబ్బుతో బడి నడిపేవారికి ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందో ఎప్పుడూ స్పష్టంగా కనబడదు.

ఆసుపత్రి కథ కూడా అటువంటిదే. అపెండిసైటిస్ వచ్చిన తమ విద్యార్థినిని పట్టణంలోని తెల్లవారి ఆసుపత్రికి తీసుకెళితే, లోపల మంచం ఇవ్వకుండా వెనుక వరండాలో పడుకోబెట్టారు. ఆమె 1911లో బడి పక్కనే నల్లవారి కోసం ఆసుపత్రి పెట్టారు.

1920లో అమెరికా స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది. నల్లవారు ఓటరుగా నమోదు కావాలంటే పన్ను కట్టాలి, చదవగలమని రుజువు చేయాలి. బెథ్యూన్ రాత్రిబడి పెట్టి పెద్దవారికి అక్షరాలు నేర్పారు, పన్ను డబ్బు పోగుచేశారు. ఎన్నికల ముందు కూ క్లక్స్ క్లాన్ మూక ముసుగులతో బడి మీదికి ఊరేగింపుగా వచ్చింది. ఆమె పిల్లలతో కలిసి అక్కడే నిలబడ్డారు. మర్నాడు తన వెంట నల్లవారిని తీసుకుని పోలింగు కేంద్రానికి వెళ్లారు. అక్షరాస్యతను ఓటుకు అడ్డంగా పెట్టినవారికి అక్షరాస్యతతోనే జవాబిచ్చిన సందర్భమిది. ఆమె రాజకీయ జీవితానికి అసలైన ప్రారంభం ఇక్కడే అని నా అభిప్రాయం.

1923లో ఆమె బడి, మెథడిస్ట్ చర్చి నడిపే కుక్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి సహవిద్యా సంస్థ అయింది. కాలక్రమంలో బెథ్యూన్–కుక్‌మన్ కళాశాలగా మారి 1941లో నాలుగేళ్ల డిగ్రీ ఇచ్చే స్థాయికి చేరింది. ఇరవై ఏళ్లు చందాలు అడిగిన మనిషికి చందాల పరిమితి ఎవరూ చెప్పనవసరం లేదు. ఒక దాత చనిపోతే ఒక తరగతి ఆగిపోతుంది. మార్కెట్ పడిపోతే హాస్టల్లో భోజనం తగ్గుతుంది. 1929 ఆర్థిక మాంద్యం ఈ సంగతిని అమెరికాలోని నల్ల విద్యాసంస్థలన్నింటికీ నేర్పింది. అప్పటికే ఆమె జాతీయ స్థాయి నాయకురాలు. 1924లో ఐడా బి. వెల్స్ అంతటి యోధురాలిపై గెలిచి నల్లజాతి మహిళా సంఘాల జాతీయ సమాఖ్యకు అధ్యక్షురాలయ్యారు. 1935 డిసెంబరులో న్యూయార్క్‌లో నీగ్రో మహిళల జాతీయ మండలిని స్థాపించారు. సంస్థలు కట్టడం ఆమెకు వంటింటి పనంత సహజం. ఆ సంస్థల బలాన్ని వెంటబెట్టుకునే ఆమె వాషింగ్టన్‌కు వెళ్లారు.

మాంద్యం కాలపు నిరుద్యోగ యువతకు పని, పేద విద్యార్థులకు నెలవారీ సాయం ఇవ్వడానికి రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో జాతీయ యువజన పాలనా సంస్థను నెలకొల్పింది. మొదట దాని సలహా మండలిలో సభ్యురాలిగా, 1936 నుంచి నల్లజాతి వ్యవహారాల బాధ్యురాలిగా బెథ్యూన్ అందులో పనిచేశారు. అమెరికా కేంద్ర ప్రభుత్వంలో అంత స్థాయి పదవిని అంతకుముందు ఏ నల్లజాతి స్త్రీ నిర్వహించలేదు.

ఆ పదవిలో ఆమె చేసిన పని మన విద్యార్థులు శ్రద్ధగా చదవాలి. చట్టం ప్రకారం ఆ సంస్థ నిధులు అందరికీ. కాగితం మీద వివక్ష లేదు. కానీ దక్షిణాది రాష్ట్రాల్లో ఆ నిధులను పంచేవారు స్థానిక తెల్ల అధికారులు. దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో నల్ల విద్యార్థికి తెలియదు, తెలిసి ఇస్తే జవాబు రాదు. డబ్బు ఎంత కేటాయించారన్నది ఎంత ముఖ్యమో, దాన్ని పంచే బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారన్నదీ అంతే ముఖ్యమని బెథ్యూన్ గ్రహించారు. ప్రతి రాష్ట్ర కార్యాలయంలో ఒక నల్ల అధికారిని నియమించాలని పట్టుబట్టారు. రైళ్లలో, నల్లవారికి వేరుగా ఉంచిన పెట్టెల్లో ప్రయాణించి, రాష్ట్రాలు తిరిగి, గవర్నర్లతో, పాలకులతో వాదించి ఇరవైకి పైగా రాష్ట్రాల్లో అది సాధించారు.

రెండోది ప్రత్యేక నిధి. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారికి పోస్టు గ్రాడ్యుయేట్ చదువు దాదాపు లేదు. మామూలు కేటాయింపులో వారికి వాటా వచ్చినా దాన్ని ఖర్చు చేసే కోర్సే లేదు. అందుకని ఉన్నత విద్యలో ఉన్న నల్ల విద్యార్థుల కోసం విడిగా ఒక నిధిని ఆమె ఏర్పాటు చేయించి, దాన్ని స్వయంగా నిర్వహించారు. 1943 వరకు ఏడేళ్లలో ఆరు లక్షలకు పైగా డాలర్లు, నాలుగు వేలమందికి పైగా విద్యార్థులు. చిలగడదుంపల వంటకాలు ఎన్ని తరాలు అమ్మితే ఈ మొత్తం వస్తుందో మా విద్యార్థిని లెక్క వేయమన్నాను.

ఈ ప్రత్యేక నిధి మీద విమర్శ లేకపోలేదు. వేరు బడులు, వేరు బోగీలు ఉన్న దేశంలో వేరు నిధిని అంగీకరించడమంటే వేరుచేయడాన్ని అంగీకరించడమేనని కొందరు నల్ల మేధావులు వాదించారు. ఆ వాదనలో బలముంది. ఆమె జవాబును ఆచరణలో చూడాలి. వేరుచేయడానికి వ్యతిరేకంగా ప్రతి వేదిక మీదా మాట్లాడుతూనే, ఈ ఏడాది ఫీజు కట్టవలసిన పిల్లకు ఈ ఏడాదే డబ్బు అందేలా చూశారు. ప్రత్యేక కేటాయింపు అనగానే ప్రతిభ గురించి, విభజన గురించి గుండెలు బాదుకునే మన ఆధిపత్య కులాల వ్యాసకర్తలు ఆ నల్ల మేధావుల వాదనను అరువు తెచ్చుకుంటూ ఉంటారు. ఆ వాదన చేసినవారు వేరుచేయబడినవారన్న సంగతి మాత్రం మరచిపోతారు.

ఇదే కాలంలో ఢిల్లీలో ఏం జరిగిందో ఇక్కడ చెప్పాలి. 1942 జూలైలో డాక్టర్ అంబేడ్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో చేరారు. అదే ఏడాది అక్టోబరులో షెడ్యూల్డ్ కులాల సమస్యలపై వైస్రాయి లిన్‌లిత్‌గోకు ఒక వినతిపత్రం ఇచ్చారు. ఉన్నత విద్యకు ఏటా మూడు లక్షల రూపాయలు కావాలన్నది అందులో ముఖ్యమైన కోరిక. బెనారస్, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు ఇస్తున్న డబ్బుతో పోల్చి అడిగారు. 1944 నుంచి మొదలైన పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనాలకు మూలం ఆ కృషిలోనే ఉంది. ఇద్దరూ ప్రభుత్వం లోపల కూర్చుని, దాదాపు ఒకే కాలంలో, దాదాపు ఒకే తర్కంతో ఒకే అంశం మీద పోరాడారు. ప్రాథమిక విద్య చాలు అనే దయగల పెద్దలను ఇద్దరూ నమ్మలేదు. తేడా ఒకటుంది. యుద్ధకాలంలో కాంగ్రెస్ నిధులు ఆపేయడంతో 1943లో బెథ్యూన్ పనిచేసిన సంస్థ మూతపడింది, ప్రత్యేక నిధి దానితోపాటే పోయింది. అంబేడ్కర్ సాధించినది బతికి, నా వరకు వచ్చింది. సాంఘిక సంక్షేమ బాలికల హాస్టల్లో చదివి, ఆ ఉపకారవేతనంతోనే నేను పీహెచ్‌డీ దాకా వచ్చాను. అది నా చేతికి అందడం ఎన్నిసార్లు ఆలస్యమైందో, ఎన్ని కార్యాలయాల గుమ్మాల్లో నిలబడ్డానో ఇక్కడ రాయను. ఇప్పటి పిల్లలకు అది మరీ ఆలస్యమవుతోంది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళికకు చట్టం చేసింది. బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారన్న ప్రశ్న చట్టంతో తీరలేదు.

వాషింగ్టన్‌లో బెథ్యూన్ ఒంటరిగా పనిచేయలేదు. వేర్వేరు శాఖల్లో ఉన్న నల్ల అధికారులను శుక్రవారం సాయంత్రాలు తన ఇంట్లో సమావేశపరిచేవారు. పత్రికలు దాన్ని నల్ల మంత్రివర్గం అని పిలిచాయి. ఆ బృందంలో ఆమె ఒక్కతే ప్రముఖ మహిళ, అయినా నాయకత్వం ఆమెదే. 1937 జనవరిలో నల్లజాతి సమస్యలపై జాతీయ సదస్సు ఏర్పాటు చేసి, ఆ తీర్మానాలను అధ్యక్షుడి బల్ల మీదికి పంపారు. ఎలినార్ రూజ్‌వెల్ట్‌తో ఉన్న స్నేహాన్ని ఆమె దాచుకోలేదు, దాన్ని తన ప్రజల పనికి వాడుకోవడానికి సంకోచించనూ లేదు.

1938 నవంబరులో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో దక్షిణాది సంక్షేమ మహాసభ జరిగింది. సభలో తెల్లవారు ఒకవైపు, నల్లవారు ఒకవైపు కూర్చోవాలని పోలీసులు ఆదేశించారు. ఎలినార్ రూజ్‌వెల్ట్ తన కుర్చీని రెండు వైపులకూ మధ్యలో వేయించుకున్నారన్న సంగతి ప్రసిద్ధం. నాకు ముఖ్యమనిపించేది మరొకటి. అధ్యక్షత వహిస్తున్న తెల్ల మహిళ బెథ్యూన్‌ను వేదిక మీదికి పిలుస్తూ, ఉత్త మేరీ అని పిలిచింది. అరవై మూడేళ్ల మనిషి, కళాశాల అధ్యక్షురాలు, కేంద్ర ప్రభుత్వ అధికారి. ఆమె లేచి నిలబడి, తన పేరు మిసెస్ బెథ్యూన్ అని నిండు సభలో చెప్పారు. అధ్యక్షురాలు తిరిగి ఆ పేరుతోనే పిలవవలసి వచ్చింది. దక్షిణాదిలో తెల్లవారు నల్ల స్త్రీని మిసెస్ అనరు, ఎంత వయసు వచ్చినా పేరే. మా అమ్మ వ్యవసాయ కూలీ. దొరగారింటి ఏడేళ్ల పిల్లలు కూడా ఆమెను పేరు పెట్టి, ఏమే అని పిలిచేవారు, మా అమ్మ ఆ పిల్లలను మీరు అని పలికేది. నేను ఉద్యోగంలో చేరిన తర్వాత ఊరికి వెళితే, ఆ ఇంటివారే నన్ను మేడమ్ అంటూ, నా ఎదుటే మా అమ్మను అదే పాత పిలుపుతో పిలిచారు. నేను ఆ రోజు మిసెస్ బెథ్యూన్ చేసిన పని చేయలేకపోయాను. అప్పటికి నేను ఆమె గురించి చదివే ఉన్నాను.

కమ్యూనిస్టు అనుకూలురాలన్న నింద కూడా ఆమెకు తప్పలేదు. 1952లో న్యూజెర్సీలోని ఒక పట్టణంలో ఆ ఆరోపణ మీదే ఆమె ఉపన్యాసానికి బడి భవనం ఇవ్వలేదు. జీవితమంతా చర్చిని, జెండాను విడవని మనిషి మీద ఆ ముద్ర వేశారు. వాటా అడిగిన పేదవాడికి ఏ దేశంలోనైనా ఏదో ఒక ముద్ర సిద్ధంగా ఉంటుంది.

అంతకుముందు 1945లో, ఐక్యరాజ్యసమితి నియమావళి రాసిన శాన్‌ఫ్రాన్సిస్కో సదస్సుకు డుబోయిస్, వాల్టర్ వైట్‌లతో కలిసి సలహాదారుగా వెళ్లారు. 1954 మే 17న వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో తీర్పు ఇచ్చింది. 1955 మే 18న, ఆ తీర్పు వచ్చిన ఏడాది మీద ఒక్క రోజుకు, ఆమె డేటోనాలోని తన ఇంట్లో కన్నుమూశారు. కళాశాల ఆవరణలోనే సమాధి చేశారు.

కొన్నేళ్ల క్రితం ఒక సదస్సుకు వాషింగ్టన్ వెళ్లినప్పుడు లింకన్ పార్కుకు వెళ్లాను. అక్కడ 1876 నాటి విగ్రహం ఒకటి ఉంది. లింకన్ నిలబడి ఉంటాడు, సంకెళ్లు తెగిన నల్లమనిషి ఆయన కాళ్ల దగ్గర ఒక మోకాలి మీద ఉంటాడు. దాని ఖర్చు పెట్టుకున్నది విముక్తి పొందిన నల్లవారే, నమూనా మీద మాత్రం వారి మాట సాగలేదు. పార్కు రెండో చివర బెథ్యూన్ విగ్రహం. చేతికర్రతో నిలబడి ఇద్దరు పిల్లలకు ఒక కాగితం చుట్ట అందిస్తూ ఉంటారు. 1974లో దాన్ని ప్రతిష్ఠించినప్పుడు, ఆమెకు వెన్ను చూపకుండా ఉండేందుకు లింకన్ విగ్రహాన్ని పీఠం మీద వెనక్కి తిప్పి, ఆమె వైపు చూసేట్టు పెట్టారు.

ఈ సంగతి చెప్పినప్పుడు తరగతి చప్పట్లు కొట్టలేదు. మా విద్యార్థి పేపరు తీసుకుని వెళ్లి పది రోజుల తర్వాత తిరిగి తెచ్చాడు. ఒకటిన్నర డాలరు మొదటి పేరాలోనే అయిపోయింది. మిగతా పదకొండు పేజీలు ఆ ప్రత్యేక నిధి గురించే. చివరన తన కళాశాల బకాయి ఎంతో, ఏ సంవత్సరాలదో అంకెలతో ఒక పట్టిక వేశాడు. అది సెమినార్ పేపరులో ఉండవచ్చునా మేడమ్ అని అడిగాడు. ఉంచమన్నాను. సర్టిఫికెట్లు ఇంకా రాలేదు.